నలభైమూడో మూలకపు మైల

జమ్మలమడుగు,
5-7-2025.

చిరంజీవి నాగశ్రీకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోను చేసే పెద్దమ్మ ఉత్తరం రాసిందేమని బెదరొద్దు. బాగానే ఉన్నాను. ఫోను లాక్కున్నారు, అంతే.

నా నడుముకూ మోకాళ్ళకూ ఎముకల స్కాను తీయించాలని మంగళవారం మీ పెద్దనాయన, నేను కర్నూలు పోయినాం. ఆ స్కానుకు ముందు సూదిలో ఒక మందు ఎక్కిస్తారు. దాని పేరు టెక్నీషియం అంట. రేడియేషన్ మందు. ఎక్కించుకున్నవాళ్ళు నీళ్ళు బాగా తాగాలని, ఆ రోజుకు చంటిపిల్లలకూ కడుపుతో ఉన్నవాళ్ళకూ దూరంగా ఉండాలని ఒక కాగితం చేతికిచ్చినారు. ఆ కాగితం నా చేతిలోంచి మీ పెద్దనాయన చేతికి పోయింది. అంతటితో నా పని అయింది.

ఆయన సంగతి నీకు తెలుసు. బడిలో గుమాస్తాగా రిటైరైనా, పౌరోహిత్యం మాత్రం రిటైర్ కాలేదు. ఏ కాగితం చేతికొచ్చినా పంచాంగం చదివినట్టే చదువుతాడు. "ఆ రోజుకు అని రాసినారు. ఏ రోజు? సూర్యోదయం నుంచి లెక్కా, అర్ధరాత్రి నుంచి లెక్కా? పురుడుకు పదిరోజులు, చావుకు పదిరోజులు. దీనికి ఎన్ని?" అని బస్సులో అడగడం మొదలుపెట్టి ఇంటికొచ్చేదాకా అడిగినాడు. ఏ గ్రంథంలోనూ దొరకలేదు. దొరికేదాకా మైలే అన్నాడు. కోడలికి ఐదో నెల కదా, ఆ సాయంత్రమే ప్రొద్దుటూరికి పుట్టింటికి పంపించినారు. నన్ను మిద్దె మీద గదికి ఎక్కించినారు. అన్నం బకెట్లో పెట్టి తాడుతో పంపుతున్నారు.

మా భరద్వాజ్ సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు కాబట్టి ఈ ఇంటికి వాడే సైంటిస్టు. "అమ్మలో ఒక రేడియేషన్, ఫోన్లో ఒక రేడియేషన్. రెండూ కలిస్తే ఏమైతాదో ఎవురికి తెలుసు నాయనా?" అన్నాడు. ఆయన వెంటనే నా ఫోను తీసి బియ్యం డబ్బాలో పూడ్చినాడు.

నువ్వు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఆ మందు ఒంట్లో ఎన్నాళ్ళు ఉంటుందో మీ పెద్దనాయన పేర రాసి పంపు. ఫోన్లో చెబితే వినడు. "గాలిలో మాటకు సాక్ష్యం ఏది? సంతకం పెట్టి రాయమను" అంటాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ ఇంటికీ, వచ్చేపోయే పురోహితులకూ, తద్దినాలకూ వండిన చెయ్యి ఇది. ఇప్పుడు ఇంగువ డబ్బా యాడ ఉందో ఇద్దరు మగవాళ్ళు నాలుగు రోజులుగా వెతుకుతున్నారు. నేను పైనుంచి చెబితే మాట కూడా మైలేమోనని చెవులు మూసుకుంటున్నారు.

ఈ ఉత్తరం బకెట్లో దింపుతాను. పోస్టుమన్ గఫూర్ తీసుకుంటాడు. "మూడు గంటలు ఎండలో పెట్టు అప్పా" అని మీ పెద్దనాయన అరుస్తాడు. "మా పోస్టాఫీసులో అన్నీ ఎండినాయే సామీ" అని గఫూర్ జేబులో వేసుకుంటాడు. నిన్న కవరు తెమ్మని డబ్బులు దింపినప్పుడూ ఇదే నడిచింది.

ఒంట్లో మాత్రం నాకేమీ లేనట్టే ఉంది.

పెద్దమ్మ
సుబ్బలక్ష్మి


పులివెందుల,
10-7-2025.

పెద్దమ్మకు నాగశ్రీ నమస్కారాలు.

నీ ఉత్తరం హాస్టల్ వార్డెన్ దిల్షాద్‌బీ చేతిలో పడింది. ఈ కాలంలో ఆడపిల్లకు చేతిరాత ఉత్తరం వచ్చిందంటే ఆమెకు ఒకటే అర్థం. కవరు వెలుతురుకు పట్టి చూసి, "పెద్దమ్మ అంటాండావు. సరేలే, అట్లనే అనుకుందాం" అని ఇచ్చింది. నేను పాఠం చెప్పేదాన్నే గానీ చదువుకునే పిల్లను కానని ఆమెకు ఏడాదిగా చెప్తున్నాను.

పెద్దమ్మా, నాలుగు సెక్షన్లకు చెప్తే ఒక్కరూ తల ఎత్తని పాఠం ఇది. నువ్వడిగావు కాబట్టి పూర్తిగా చెప్తాను.

మూలకాల పట్టికలో నలభైరెండు ఉండేది, నలభైనాలుగు ఉండేది. మధ్యలో నలభైమూడో గడి ఖాళీ. పంక్తిలో ఒక విస్తరి వేసి మనిషి రానట్టు. ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు "దొరికింది" అని ప్రకటించడం, దానికొక పేరు పెట్టడం, తీరా చూస్తే అది లేకపోవడం. ఒకరు కాదు, నలుగురైదుగురు. పుట్టని బిడ్డకు అన్ని నామకరణాలు జరిగాయి. చివరికి 1937లో, అమెరికాలో ఒక పెద్ద యంత్రంలో అరిగిపోయిన రేకు ముక్కను ఇటలీలో ఒక శాస్త్రవేత్తకు పంపారు. ఎలా పంపారో తెలుసా? పోస్టులో, కవర్లో పెట్టి! ఆయనా, ఆయన స్నేహితుడూ ఆ ముక్కను ఆమ్లాల్లో కరిగించి చూస్తే అందులో ఉంది నలభైమూడు. మనిషి చేతుల్లో తయారై బయటపడ్డ మొదటి మూలకం అదే. అందుకే గ్రీకు భాషలో 'కృత్రిమం' అనే మాట మీద టెక్నీషియం అని పేరు పెట్టారు.

ఇక నీ సంగతి. స్కానుకు వాడే టెక్నీషియం ఆరు గంటల్లో సగమవుతుంది. పొద్దున ఆరుకు వంద పాళ్ళు ఉంటే మధ్యాహ్నం పన్నెండుకు యాభై, సాయంత్రం ఆరుకు పాతిక. అరవై గంటలకు వెయ్యిలో ఒక పాలు కూడా ఉండదు. నీ మంగళవారం శుక్రవారానికే అయిపోయింది. పెద్దనాయనకు వేరే కాగితం పెట్టాను, చూపించి దిగిపో.

నీ
నాగశ్రీ

(జతపరిచిన కాగితం)

పెద్దనాయన విశ్వేశ్వరయ్య గారికి. పై విషయమై తెలియజేయడమేమనగా, మందు ప్రభావం మూడు రోజుల్లో నామమాత్రం అవుతుంది. గణితం ప్రకారం సగంలో సగం మిగులుతూ పోతుంది కాబట్టి ఎప్పటికీ పూర్తిగా సున్నా కాదు. కానీ భయపడవలసింది ఏమీ లేదు.
సం. కె. నాగశ్రీ, ఎమ్మెస్సీ.


జమ్మలమడుగు,
17-7-2025.

నాగశ్రీ,

ఆశీర్వాదం తర్వాత. నా కొంప ముంచినావు గదే.

నీ కాగితం మీ పెద్దనాయన వసారాలో కుర్చీ వేసుకుని, నాకు పైకి వినపడేటట్టు చదివినాడు. ఎదురింటి వెంకటసుబ్బమ్మ కూడా వచ్చి నిలబడింది. మూడు రోజుల దగ్గర అంతా బాగానే ఉంది. 'పూర్తిగా సున్నా కాదు' దగ్గర ఆగిపోయినాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివినాడు.

"విన్నారా? శేషం ఉంటాదంట."

"కొంచెమే గదా నాయనా. వెయ్యిలో ఒకటి" అన్నాడు భరద్వాజ్.

"బిందెడు మడినీళ్ళలో ఎంగిలి చుక్క ఒకటి పడితే, వెయ్యిలో ఒకటని తాగుతావా రా?"

వెంకటసుబ్బమ్మ చెంపలు వేసుకుంది. తీర్పు అయిపోయింది: శేషం ఉన్నంతకాలం మైల, శేషం ఎప్పటికీ ఉంటుంది కాబట్టి మైల కూడా ఎప్పటికీ. ఎమ్మెస్సీ సంతకంతో సహా.

సోమవారం భరద్వాజ్ కరెంటు టెస్టర్ తీసుకుని మెట్లెక్కినాడు. దాని మొన నా మోచేతికి ఆనించి, తల పక్కకు తిప్పుకుని, ఒక కన్ను తెరిచి చూసినాడు. వెలగలేదు. "తగ్గినట్టుంది నాయనా!" అని కేకేసినాడు. "టెస్టర్ చెడిపోయిందేమో, గోడ ప్లగ్గులో పెట్టి చూడు" అని కింద నుంచి ఆయన. ప్లగ్గులో పెడితే వెలిగింది. అయినా ఒప్పుకోలేదు. "ప్లగ్గుది వేరే శాస్త్రం" అన్నాడు.

ఆ ఒక్క వాక్యం ఎందుకు రాసినావే? మీ పాఠంలో అది చెప్పకపోతే పిల్లలు ఫెయిలవుతారా?

పెద్దమ్మ


పులివెందుల,
22-7-2025.

పెద్దమ్మకు,

తప్పు నాదే. ఆ వాక్యం రాయకపోతే నువ్వు ఈపాటికి వంటింట్లో ఉండేదానివి. కానీ రాయకుండా ఉండలేకపోయాను. ఈ ఉద్యోగంలో నాకు మిగిలిన మర్యాద ఒక్కటే, అంకె తప్పు చెప్పను. ప్రిన్సిపాల్ పాస్ పర్సెంటేజీ తప్పు చెప్తాడు, అకౌంటెంట్ జీతాల తేదీ తప్పు చెప్తాడు. నేను చెప్పను.

ఆదివారం వస్తున్నాను. ఇడుపులపాయ క్యాంపస్‌లో ల్యాబ్ చూసుకునే నాగలత నా క్లాస్‌మేట్. రేడియేషన్ కొలిచే మిషను ఒకటి తెప్పిస్తాను. అయితే ఒక చిక్కు ఉంది. ఆ మిషను ఎక్కడ పెట్టినా టిక్కు టిక్కుమంటుంది. బండరాయికీ అంటుంది, అరటిపండుకూ అంటుంది, ఏమీ లేకపోయినా అంటుంది. దానికీ సున్నా తెలియదు. పెద్దనాయన ముందు అది టిక్కుమందంటే ఈసారి అరటిపళ్ళు కూడా మిద్దె ఎక్కుతాయి.

నేనుండే చోటికి కాస్త దూరంలో యురేనియం తవ్వే గని ఉంది పెద్దమ్మా. ఈ ఊళ్ళో ఎవరూ భార్యలను మిద్దె ఎక్కించలేదు. అదైనా ఆయనకు చెప్పాలి. వస్తున్నాను, గట్టిగా మాట్లాడి నిన్ను దింపే పోతాను.

నాగశ్రీ


జమ్మలమడుగు,
2-8-2025.

చిరంజీవి నాగశ్రీకి,

నువ్వు రావొద్దని గఫూర్ ఫోను నుంచి మెసేజ్ పెట్టించినాను కదా, ఎందుకో రాస్తాను. తొందరేం లేదు, నిదానంగా చదువు.

ఏడు గంటలకు లేస్తున్నాను. నువ్వు సరిగ్గానే చదివినావు, ఏడు. పెళ్ళయినాక నేను ఎండలో కళ్ళు తెరవడం ఇదే. ఈ కిటికీలోంచి పెన్న ఇసుక కనపడుతుంది, అవతల గండికోట వైపు గుట్టలు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ ఇంటికి ఇంత చూపు ఉందని నాకు తెలియదు. వంటింటి కిటికీ పక్కింటి గోడకు ఉంటుంది.

గదిలో పాత పంచాంగాలు ఒక దొంతర, భరద్వాజ్ పదో తరగతి సైన్సు పుస్తకం ఒకటి దొరికినాయి. నలభైమూడో గడి వెతికి వేలు పెట్టి చూసినాను. నీ ఉత్తరాలు నాలుగైదుసార్లు చదివినాను. మోకాళ్ళ నొప్పి సగానికి సగం తగ్గింది. ఇది నీ సగం కాదు, మామూలు సగం.

మీ పెద్దనాయన చారు మొదట్లో నీళ్ళు వేరుగా, పప్పు వేరుగా వచ్చేది. ఇప్పుడు రెండూ పలకరించుకుంటున్నాయి. నిన్న ఉప్మా పంపించి, కింద నిలబడి నా ముఖం కేసే చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ వంటింటి గడపలో నిలబడి నేను ఆయన ముఖం చూసినట్టు.

"ఎట్లుంది?"

"ఉప్పు."

"ఎక్కువయిందా, తక్కువయిందా?"

"ఉప్పు" అని కిటికీ మూసేసినా. శానా హాయిగా ఉండింది.

ఇప్పుడు అసలు సంగతి. గఫూర్ నిన్న నోరు జారినాడు. "నాకూ గుండెకు ఇదే మందు ఎక్కించినారు సామీ. ఆ పొద్దే ఇంట్లో అందరితో కూచోని తింటి. ఏం కాలా" అన్నాడు. మీ పెద్దనాయన ఆలోచనలో పడినాడు. వచ్చే బహుళ ద్వాదశికి మా మామగారి తద్దినం, ఇరవై విస్తళ్ళు, అన్నీ నా చేతి వంటే కావాలి. "ఆ శేషం లెక్కకు రాదని నాగశ్రీ ఇంకొక్క కాగితం రాసిస్తే, పుణ్యాహవాచనం చేసి దింపేస్తా" అన్నాడు. నువ్వు ఒక్క ముక్క రాస్తే నేను దిగాలి. దిగితే మళ్ళీ నాలుగున్నరకే లేవాలి, చచ్చేదాకా.

అబద్ధం రాయమని నేను అడగను. నువ్వు రాసే మనిషివి కూడా కావు. అయినా ఆ మందు పోయినాక ఇంకేమైనా మిగులుతుందేమో, బాగా వెతుకు. ఏమీ లేకపోతే ఉన్నది ఉన్నట్టు రాసేయి.

ఇంకొక అనుమానం. ఆ మందు తెచ్చే బండి దారిలో నిలబడిపోయిందనుకో, మందు ఏమవుతుంది?

పెద్దమ్మ


ప్రొద్దుటూరు,
10-8-2025.

పెద్దమ్మకు,

వారం రోజులుగా కాగితాలు చింపుతున్నాను. ఒకదాంట్లో 'లెక్కకు రాదు' అని రాసి నీ కిటికీ గుర్తొచ్చి చింపాను. ఇంకోదాంట్లో 'చాలా ఏళ్ళు ఉంటుంది' అని రాసి నా మొహం నాకే గుర్తొచ్చి చింపాను. శనివారం అమ్మ దగ్గరికి వచ్చాను. అమ్మ చపాతీలు ఒత్తుతూ, "ఏందే, కాగితాలు తింటాండావా?" అంది. చెప్పలేదు. నీ చెల్లెలు కదా, చెబితే నీ వెనకే ఆమె కూడా మిద్దె ఎక్కుతుంది.

ఈ ఉదయం నా ఎమ్మెస్సీ పుస్తకం తీసి చూస్తుంటే దొరికింది. ఎప్పుడూ అక్కడే ఉంది. పిల్లలకు నేను ఆరు గంటల దగ్గరే ఆపేస్తాను, పరీక్షలో అంతవరకే అడుగుతారు. నీకు ఎక్కించే మందు పేరు చివర 'ఎం' అనే చిన్న అక్షరం ఉంటుంది. అంటే ఇంకా కుదురుకోలేదని. ఆరు గంటలకు సగం చొప్పున అది కుదురుకుంటుంది. కుదురుకున్నాక మాయమైపోదు పెద్దమ్మా. మామూలు టెక్నీషియం తొంభైతొమ్మిదిగా మారి కూర్చుంటుంది. అది సగం కావడానికి పట్టే కాలం రెండు లక్షల పదకొండు వేల సంవత్సరాలు.

అబద్ధం కాదు. ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. నిజం చెప్పాలంటే అది తూకానికి అందనంత కొంచెం, అందులో చాలాభాగం మొదటి రెండు రోజుల్లో మూత్రంలోనే పోతుంది, మిగిలినదానితో ఎవరికీ ఏమీ కాదు. ఈ మాటలు నీకు రాస్తున్నాను. పెద్దనాయన కాగితంలో అంకె మాత్రమే ఉంది. అందులో రాసిన ప్రతి అక్షరం నిజం. రాయని సంగతి ఆయన అడిగితే చెప్తాను. అడగడు.

మొదటి కాగితంలో ఒక వాక్యం ఎక్కువ రాసి నిన్ను పైకి ఎక్కించాను. ఈ కాగితంలో ఒక వాక్యం తక్కువ రాసి పైనే ఉంచుతున్నాను. రెండుసార్లూ నిజమే చెప్పాను, రెండోసారే నాకు నిద్ర పట్టలేదు.

నీ అనుమానానికి: బండి దారిలో నిలబడితే మందు దారిలోనే అయిపోతుంది. అది ఎవరికోసమూ ఆగదు. అందుకే ఏ పూటది ఆ పూటే తెప్పిస్తారు. ఎందుకు అడిగావు?

నాగశ్రీ


జమ్మలమడుగు,
16-8-2025.

చిరంజీవి నాగశ్రీకి విశ్వేశ్వరయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు సంతకం చేసి పంపిన పత్రం అందినది. రెండు లక్షల పదకొండు వేల సంవత్సరములు అన్న అంకె చూచి మొదట కూర్చుంటిని, తరువాత లేచితిని. కలియుగ ప్రమాణం నాలుగు లక్షల ముప్ఫైరెండు వేల ఏండ్లు. అందులో సగం రెండు లక్షల పదహారు వేలు. ఇప్పటికి గడిచినవి అయిదు వేల నూట ఇరవై ఆరు. తీసివేయగా, నేటి నుండి కలియుగం సగమగుటకు మిగిలినవి రెండు లక్షల పదివేల ఎనిమిది వందల డెబ్బైనాలుగు. మీ శాస్త్రజ్ఞులు చెప్పినది రెండు లక్షల పదకొండు వేలు. నూట ఇరవై ఆరు ఏండ్ల తేడా. ఆ పొరపాటు మనవారిది కాదు. మీవారికి తెలుపవలెను.

కావున ఈ మైల కలియుగార్ధం వరకు అని నిర్ణయించితిని. అయితే అంతకాలం మీ పెద్దమ్మను మిద్దె మీద ఉంచుట ధర్మం కాదు. బకెట్టు మోయుట వలన నాకు నడుము పట్టినది. రెండు లక్షల ఏండ్లు ఎవరును మోయజాలరు. అందువలన ఇంట ఎక్కడనైనా తిరుగవచ్చును, వంటింట మాత్రం అడుగు పెట్టరాదు. కోడలు పురుడు వరకు పుట్టింటనే ఉండును. వంట నేనును భరద్వాజును చేయుదుము. తద్దినమునకు ప్రొద్దుటూరు నుండి వంటవారిని పిలిపించితిని.

ఒక సందేహం. చారులో ఇంగువ ముందు వేయవలెనా, పిమ్మట వేయవలెనా అని ఆమెనడిగి, ఆమె చెప్పినట్లు చేసినచో చారునకు మైల సోకునా? మీ శాస్త్రములో దీనిని గూర్చి ఏమున్నదో వెంటనే వ్రాయుము. చారు చల్లారుచున్నది.

విశ్వేశ్వరయ్య


జమ్మలమడుగు,
7-9-2025.

చిరంజీవి నాగశ్రీకి పెద్దమ్మ ఆశీస్సులు.

తద్దినం బాగా జరిగింది. వంటాయన గారెలు రాళ్ళ మాదిరి చేసినాడు. ఇరవై మంది తిని, "సుబ్బలక్ష్మమ్మ చేతి వంట వేరే" అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ అనలేదు. నేను వసారాలో ఆయన కుర్చీలో కూర్చుని విన్నాను. మైల మనిషి కూర్చుందని ఆ కుర్చీ ఇప్పుడు నాదే అయింది.

వెంకటసుబ్బమ్మ రోజు మార్చి రోజు వస్తోంది. మొన్న చెవిలో, "ఆ స్కాను పేరు ఏంది సుబ్బలక్ష్మమ్మా? నాకూ మోకాళ్ళు పట్టేసినాయి" అనింది. రాసిచ్చినాను. వీధిలో ఇంకో ఇద్దరికి కూడా పట్టేసినాయి.

బండి సంగతి ఎందుకు అడిగావు అన్నావు కదా. చెబుతాను. కోప్పడితే పడు.

ఆ మంగళవారం మీ పెద్దనాయన బయట టీ కొట్టు దగ్గర ఉండినాడు. నాకు లోపల కాగితం ఇచ్చి కూర్చోబెట్టినారు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అప్పుడొచ్చి, హైదరాబాద్ రోడ్డులో లారీ అడ్డంపడి మందు బండి నిలబడిపోయిందని, వచ్చేసరికి దాంట్లో బలం ఉండదని, శుక్రవారం రమ్మని చీటీ రాసిచ్చినారు. నాకు సూది కూడా వేయలేదు నాగశ్రీ. ఏ టెక్నీషియమూ నా ఒంట్లోకి రాలేదు.

చెబుదామనే బయటికొచ్చినా. ఆయన నా చేతిలో కాగితం తీసుకుని చదివి, రెండు మెట్లు వెనక్కి దూకి నాకు దారి ఇచ్చినాడు. నాకు! బస్సులో కిటికీ పక్కన సీటంతా నాకే వదిలి, తాను నిలబడినాడు. బనగానపల్లె వస్తే చెబుదామనుకున్నా. కోయిలకుంట్ల వస్తే చెబుదామనుకున్నా. గాలి బాగా కొట్టింది. జమ్మలమడుగు వచ్చేసింది.

నీకు రాసిన ఉత్తరాలు తీసి చూడు. నాకు మందు ఎక్కించినారని ఎక్కడా రాయలేదు. నువ్వొక వాక్యం తక్కువ రాసి నిద్ర పోలేదన్నావు. నేను మొదటి ఉత్తరం నుంచీ తక్కువే రాస్తున్నా, ఏడింటిదాకా నిద్ర పోతున్నా. నువ్వు నిజం తప్ప రాయవనే ధైర్యంతోనే నిన్ను అడిగినాను. ఇంకెవరినైనా అడిగుంటే నా మీద జాలిపడి, "ఏం లేదు, దిగిపో" అని అబద్ధమో నిజమో రాసేసి ఉండేవాళ్ళు.

ఆ నలభైమూడును లేకుండానే కనుక్కున్నవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారని నువ్వే రాసినావు కదా. ఆ వరుసలో నా పేరు కూడా వేసుకో.

శుక్రవారం రమ్మన్న చీటీ ఈ కవర్లో పెడుతున్నా. దాన్ని చింపొద్దు, ఎవరికీ చూపించొద్దు, నీ ఎమ్మెస్సీ పుస్తకంలో దాచిపెట్టు. నా అంతట నాకు వండాలనిపించిన రోజు అడుగుతాను.

పెద్దమ్మ
సుబ్బలక్ష్మి